మా పెద్దమ్మ అంగిలి ఎవరు చూశారు?

మీ ఇంట్లో ముసలావిడ నోట్లోకి మీరు ఒక్కసారి కూడా చూడలేదు. బుకాయించకండి. ఆవిడ షుగరెంతో మీకు తెలుసు, బీపీ మాత్ర ఏ రంగులో ఉంటుందో తెలుసు, పింఛను ఎప్పుడు పడుతుందో మరీ బాగా తెలుసు. ఆవిడ అంగిలి ఏ రంగులో ఉందో మాత్రం తెలియదు. ఎండలో కూర్చోబెట్టి "నోరు తెరువమ్మా" అని కాసేపు చూడటానికి డాక్టరు చదువు అక్కర్లేదు. అయినా చూడలేదు. చూడాలని తెలిసినవాళ్ళేమో ఊళ్ళను రెండుగా పంచి, సగం ఊళ్ళలో చూసి, సగం ఊళ్ళలో చూడకుండా వెళ్ళిపోయారు. ఆ పంపకంలో మా పెద్దమ్మ పోయింది.

కబురు నాకు ఆమదాలవలస స్టేషన్లో తెలిసింది. ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు కొంటుంటే పిన్ని ఫోన్ చేసింది.

"ఒరే, మీ పెద్దమ్మ ఎల్లిపోనాదిరా. బేగి రా."

నేనేదో అనేలోపు ఇంకో మాట అంది. "నానే సరిగ్గా సూడనేదురా."

దుఃఖంలో అంటోంది అనుకున్నాను. ఏం చూడలేదో, ఎందుకు చూడలేదో పదో రోజు దాకా నాకు అర్థం కాలేదు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క, పిన్ని చెల్లెలు. అమ్మ ఎప్పుడో పోయింది. మిగిలిన అక్కచెల్లెళ్ళిద్దరూ గరివిడి దగ్గర ఒకే గెడ్డకి, అంటే వాగుకి, చెరో పక్కా ఉన్న ఊళ్ళలో కాపురాలు చేశారు. ఈ ఒడ్డున పెద్దమ్మ ఊరు, ఆ ఒడ్డున పిన్ని ఊరు. వానల్లో తప్ప ఆ గెడ్డలో మోకాలు కూడా తడవదు. రెండూ వరి, గోగు పండే ఊళ్ళే. రెండింట్లోనూ పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డచుట్ట కాలుస్తారు. మా ప్రాంతం తెలియనివాళ్ళకి చెబుతున్నాను: నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, పొగ పీల్చడం. చూసినవాళ్ళు కళ్ళు పెద్దవి చేసి "ఎంత వింత!" అంటారు, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. అందులో వింతేం లేదు. నానబెట్టిన గోగు కట్టల మధ్య నీళ్ళలో నిలబడి నార ఒలిచే మనిషికి రెండు చేతులూ తడే. బయటేమో గాలి. నిప్పు ఆరకుండా ఉండే చోటు నోరొక్కటే. పైగా చుట్ట నిప్పు మామగారి కంట పడదు. "ఆకలి సంపుతాదిరా," అనేది పెద్దమ్మ. ఆకలి చంపుకోవలసిన గతి ఎవరు పట్టించారని ఎవరూ అడగరు. అలవాటుని మాత్రం అనాగరికం అంటారు.

పెద్దమ్మ ఎవర్నీ నమ్మేది కాదు. దీన్ని పొగడ్తగానే రాస్తున్నాను. నమ్మినవాళ్ళ గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. ఎవరైనా ఏదైనా ఉచితంగా ఇస్తే, చెయ్యి చాపకముందు "ఎందుకిస్తన్నావు?" అనేది. ఎవరింటికైనా వెళ్తే, టీ ఇచ్చినవాళ్ళు ముందు ఒక గుక్క తాగాలి, అప్పుడు తను తాగేది. నేను పత్రికకి రాసిన వ్యాసం ఒకసారి గొప్పగా చదివి వినిపించాను. మొత్తం విని, "బాగానే ఉన్నాది. ఇది అచ్చేసినందుకు ఆల్లకేటి లాభం?" అంది.

ఊరికే వచ్చిన అనుమానం కాదు అది. వాళ్ళ వీధిలో ఒకామెకి ఏదో శిబిరంలో ఉచితంగా కంటి ఆపరేషన్ చేశారు. మంచిదే. కానీ కంటికి కట్టుతో, చేతులు జోడించి ఉన్న ఆమె బొమ్మ ఒక నాయకుడి నవ్వు పక్కన ఫ్లెక్సీ అయి రోడ్డు మలుపులో వేలాడింది. ఎండకి వెలిసి, వానకి చిరిగేదాకా వేలాడింది. ఆమె ఆ దారిన నడవడం మానేసింది. "కన్నిచ్చి మొకం పట్టుకెల్లిపోనారు," అంది పెద్దమ్మ. ఆ తర్వాత తనెవరికీ ఫొటో ఇవ్వలేదు.

అలాంటి ఊరికి నగరం నుంచి పరిశోధన బృందం వచ్చింది. పెద్ద వయసువాళ్ళ ఆరోగ్యం ఊరివాళ్ళ చేతుల మీదుగానే బాగుచేయడం, క్యాన్సర్‌ని ముదరకముందే పట్టుకోవడం, అలా చేస్తే ఫలితం ఉంటుందో లేదో లెక్కకట్టడం వాళ్ళ పని. బొబ్బిలి వైపు అమ్మాయి ఒకతె రోజూ వచ్చేది. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర అడిగితే పెద్దమ్మ ఆ అమ్మాయిని అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఏటి రాసినావో సదువు." అమ్మాయి చదివింది. "మల్లీ సదువు." మళ్ళీ చదివింది. "ఇప్పుడు కింద నుంచి మీదకి సదువు."

"అమ్మమ్మా, అలా చదవరు."

"మరి మోసం కిందే రాస్తారు కదే గుంటా. అందుకని అక్కడ్నించి మొదలెట్టమన్నాను."

అమ్మాయి తెచ్చిన బరువు తూచే మిషన్ని కూడా నమ్మలేదు. బొబ్బిలి వెళ్ళినప్పుడు, ధాన్యం షావుకారు దుకాణంలో కాటా ఎక్కి నిలబడింది.

"ఏటమ్మా, ఏ రేటుకి తియ్యమంటావు?" అన్నాడు షావుకారు.

"ఎన్నేల్లు మా దాన్నం దీనిమీదే తూసినావు. ఇయ్యాల నన్ను తూసి సూపించు. రేటు తరవాత."

రెండింటికీ తేడా వచ్చింది. మిల్లులో మరో కాటా ఎక్కి తేల్చుకుంది. అమ్మాయి మిషనే నిజం చెప్పింది. ఆ రోజు నుంచి షావుకారుతో మాటలు తగ్గాయి, అమ్మాయికి టీ మొదలైంది. ముందు పెద్దమ్మే ఒక గుక్క తాగి ఇచ్చేది.

తర్వాత జరిగినదాన్ని నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను, లేకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు. మధ్యాహ్నం ఎండ అరుగు మీదికి వచ్చే వేళకి వీధిలో ముసలమ్మలు చేరేవారు. చేతులు ఊపడం, కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడం, ఉప్పు తగ్గించడం గురించి కొట్లాట అయ్యాక, సూర్యుడి వైపు తిరిగి వరసగా నోళ్ళు తెరిచేవారు. ఒకరి నోరు ఒకరు చూసుకోవాలి. గీకినా పోని తెలుపుందా, ఎర్ర మచ్చలున్నాయా, మానని పుండుందా, వేలుకి గరుకుగా ఏమైనా తగులుతోందా. అమ్మాయి నేర్పింది, నడిపించింది మాత్రం పెద్దమ్మ. ఆస్పత్రి గోడ మీది పోస్టర్లో సిగరెట్టు పట్టుకున్న మీసాలాయన్ని చూసి "అది మొగోల్ల రోగం" అనుకున్న ఆడవాళ్ళకి, తమ నోట్లోనూ నిప్పు ఉందని అర్థమయ్యేలా చెప్పింది ఆవిడే.

"అద్దంలో పల్లు అవుపడతాయి. అంగిలి అవుపడదు. దానికి ఇంకో మనిసి కావాల," అనేది.

నవ్వులకి లోటుండేది కాదు. "ఓలె, అంత తెరవకే, నీ కోడలి మీద సెప్పిన సాడీలన్నీ అవుపడతన్నాయి!" అని ఒకామె. "నీ నోట్లో మచ్చ కాదే, వక్క ఇరుక్కున్నాది," అని ఇంకొకామె. నవ్వుల మధ్యనే ఒకామె అంగిట్లో ఎర్ర మచ్చ దొరికింది. వేళకి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆమె ఇవాళ బతికే ఉంది, గోంగూర కారంగా తింటోంది. కొందరు చుట్ట మానేశారు. పెద్దమ్మ కూడా మానేసింది. అలవాటు చావక, ఆరిన చుట్ట ఒకటి చెవి మీద పెట్టుకుని తిరిగేది.

కానీ తన నోరు మాత్రం ఆ వరసలో తెరవలేదు. అమ్మాయి ఎంత అడిగినా అంతే.

"నువ్వు మంచిదానివే. నీ ఫోను ఏటి ఫొటో తీస్తాదో నాకు తెల్దు. నాది మా సెల్లి సూస్తాది."

ఒక మధ్యాహ్నం ఆ చెల్లెలి ఊరి సంగతి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"మా సెల్లి ఊరికి ఎప్పుడెల్తావు?" అంది పెద్దమ్మ.

"ఎల్తన్నాం కదా అమ్మమ్మా. ప్రశ్నలడిగి, బరువు చూసి వస్తన్నాం."

"నోరు?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "అక్కడ ఇప్పుడు కాదు. మీ ఊళ్ళో నేర్పినాం, అక్కడ నేర్పనేదు. రెండిటికీ తేడా చూడాలి. తేడా తేలితేనే ఇది మంచి పనని రుజువు. రుజువైతే అన్ని ఊళ్ళకీ వస్తాది."

"అంటే మడిలో ఒక సెక్కకి ఎరువేసి, ఒక సెక్కకి ఎయ్యకండా సూసినట్టా?"

"అలాంటిదే."

"ఎరువెయ్యని సెక్క మా సెల్లి."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ లేచి, చెప్పులు వేసుకుని, ఆ సాయంత్రమే గెడ్డ దాటి అక్కడి ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టడానికి బయల్దేరింది. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. నేర్పేస్తే రెండు ఊళ్ళకీ తేడా పోతుందని, లెక్క పాడైతే ఈ పని ఏ ఊరికీ రాదని, తన ఉద్యోగం కూడా పోతుందని బతిమాలింది. పెద్దమ్మ ఉద్యోగం మాటకి కరగలేదు. "ఏ ఊరికీ రాదు" అన్న మాట దగ్గర ఆగింది.

"సరే. నాను ఆల్లకి సెప్పను. మీ లెక్క తేలినాక ముందుగాల మా సెల్లి ఊరికే రావాల."

"వస్తాం. మాటిస్తన్నాను."

"నీ మాట కాదే. నీ పైవోల్ల మాట."

అమ్మాయి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. అవతల్నించి ఒక పెద్ద గొంతు, తీరుబడిగా, "తప్పకుండా వస్తామమ్మా, మొదట ఆ ఊరికే," అంది. పెద్దమ్మ ఆ ఫోన్ని అనుమానంగానే చూసింది. అయినా ఒప్పుకుంది. ఎవర్నీ నమ్మని మనిషి జీవితంలో నమ్మిన ఒకే ఒక్క మాట అది.

అప్పటినుంచి ఆవిడ ఎలా బతికిందో చూడండి. చెల్లెలింటికి వెళ్ళడం మానలేదు. వెళ్ళి, ఎండలో కూర్చుని, నోరు తెరిచి, "సూడు" అనేది. ఏం చూడాలో చెప్పేది కాదు, మాటిచ్చింది కనక. చెల్లెలి నోరు చూడటం కూడా మానుకుంది. చూస్తే చెప్పకుండా ఉండలేనని తనకి తెలుసు. పిన్ని తొంగి చూసి, "బాగానే ఉన్నాదప్పా," అనేది. పెద్దమ్మ నోరు మూసుకుని, చెవి మీది చుట్ట సర్దుకుని ఇంటికొచ్చేది.

పరిశోధన ముగిసింది. మంచి ఫలితాలు వచ్చాయట. నగరంలో సభ పెట్టుకున్నారట. అమ్మాయి ఉద్యోగం గడువు తీరి, ఇంకెక్కడో బట్టల షాపులో చేరింది. గెడ్డ అవతలికి ఎవరూ రాలేదు. లెక్క తేలిందని వాళ్ళొచ్చి చెప్పేదాకా తన మాట తీరలేదని పెద్దమ్మ చెల్లెలికి ఏమీ చెప్పలేదు. పెద్దమ్మ నన్ను చూసినప్పుడల్లా అడిగేది. "ఒరే, నీకు పేపరోల్లు తెలుసు కదా. ఆల్లు ఎప్పుడొస్తారో కనుక్కో." నేను ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను. ఒకరు నిధులన్నారు, ఒకరు అనుమతులన్నారు, ఒకరు ఆ విభాగం మాది కాదన్నారు. ఆ మాటలు చెబితే పెద్దమ్మ నన్ను కూడా అనుమానంగా చూసింది.

తర్వాత కూరల్లో కారం మానేసింది. తర్వాత అన్నం మానేసి అంబలికి దిగింది. "పల్లు నేవు కదరా," అని కొట్టిపారేసింది. నోట్లోంచి రక్తం పడ్డాకగాని ఆస్పత్రి గడప ఎక్కలేదు. అక్కడి డాక్టరమ్మకి నోరు తెరిచింది, ఇక దాచడానికి ఏమీ లేదు కనక. ఆలస్యమైపోయింది అన్నారు. ఆ మాట చెప్పినప్పుడు కూడా, "ఈవిడికేటి లాభం ఇలగ సెప్తే?" అని నా చెవిలో అడిగింది.

పదో రోజున, అందరూ భోజనాలు చేస్తుంటే, పిన్ని నన్ను పెరట్లోకి పిలిచింది.

"నానే సూసినానురా. ఎన్నిసార్లు సూసినానో. తెల్లగున్నాది. మద్దిలో ఎర్ర సుక్కలున్నాయి. సుట్ట కాల్సినోల్లకి అంగిలి అలగే ఉంటాది కదా అనుకున్నాను. మా అత్తకీ అలగే ఉండేది. మా ఊర్లో అందరికీ అలగే ఉంటాది. బాగున్నాదప్పా అని సెప్పినాను."

తర్వాత చిన్నగా, "పక్కింటామెకి సూపించినాను. నాకూ అలగే ఉన్నాదట," అంది.

ఫోన్లో పిన్ని అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. మీకూ అర్థమయ్యే ఉంటుంది. ఆ మచ్చల్ని గుర్తుపట్టగలిగిన వాళ్ళు గెడ్డకి ఈ పక్క ఒక అరుగు నిండా ఉన్నారు. పెద్దమ్మ వాళ్ళకి నోరు చూపించలేదు. చూపించిన ఒక్క మనిషి ఎరువెయ్యని చెక్కలో ఉంది. పిన్ని చూపు తప్పు కాదు. ఆ ఊళ్ళో అది మామూలు రంగు. మామూలు కాదని చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. చెప్పగలిగిన అక్క మాటకి కట్టుబడింది. అయినా ఇవాళ ఆ పాపం మోస్తున్నది ఎవరు? సభ పెట్టుకున్నవాళ్ళా, పెరట్లో కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తున్న మా పిన్నా?

పరిశోధన వద్దని నేనంటున్నానని కొందరు పండితులు అప్పుడే కలం తీసి ఉంటారు. అనడం లేదు. పోలిక లేకపోతే ఏ మందు పనిచేసిందో తెలియదని నాకు తెలుసు. మా పెద్దమ్మకీ తెలుసు, తెలుసు కాబట్టే ఆగింది. కానీ రైతు తేడా చూశాక మిగిలిన చెక్కకి కూడా ఎరువు వేస్తాడు. మీరు తేడా చూసి, సంతోషించి, ఆ చెక్కని మర్చిపోయారు. పైగా సముదాయం, భాగస్వామ్యం అంటూ పెద్ద మాటలు వాడతారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది ఈ భాగస్వాములలో ఒక్కరే. ఆవిడకి జీతం లేదు.

పెద్దమ్మ పోయిన కబురు వాళ్ళకీ చేరింది. నా ఫోన్‌కి సంతాప సందేశం వచ్చింది. "గ్రామీణ ఆరోగ్యానికి వెలుగు దివ్వె" అట. కింద ఇంకో వాక్యం: "ఆవిడ మంచి ఫొటో ఒకటి పంపగలరా? నివేదిక కోసం." మా పెద్దమ్మ చెప్పినట్టే కింద నుంచి చదవాల్సింది. నేను ఫొటో పంపలేదు. పంపను. మొహం పట్టుకెళ్ళడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ పదో రోజు కర్మకి బొబ్బిలి అమ్మాయి కూడా వచ్చింది. బట్టల షాపు సెలవిస్తే వచ్చింది. ఒక మూల కూర్చుని ఏడ్చింది. నేను కోపంగానే అడిగాను: "ఆ ఊరికి ఎందుకు రాలేదు?" "నేను పైకి రాసినాను సార్. రెండుసార్లు రాసినాను," అంది. ఆ మాట నిజమో కాదో నాకు తెలియదు. అనుమానం పెద్దమ్మ నాకిచ్చిన ఆస్తి, ఊరికే వదులుకోను. కానీ పిన్ని నోటి సంగతి చెప్పాక ఆ అమ్మాయి ఊరికే కూర్చోలేదు. లేచి, మొహం కడుక్కుని, పిన్నిని అరుగు మీదికి తీసుకొచ్చి సూర్యుడి వైపు కూర్చోబెట్టింది. పెద్దమ్మ జట్టు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఒకామె పిన్ని నోట్లోకి చూసింది. ఇంకొకామెను పిలిచి చూపించింది. రోజూ ఎకసెక్కాలాడే ఆ ఇద్దరూ పిన్ని చేతులు చెరొకటి పట్టుకున్నారు.

మర్నాడు పిన్నిని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం ఇంకా రాలేదు. పిన్ని సంగతి మేం చూసుకుంటాం. ఆ ఊళ్ళో అదే రంగు అంగిలి ఇంకా ఎన్ని నోళ్ళలో ఉందో ఎవరు చూస్తారు? సంతాపం అక్కర్లేదు. కావలసినవి ఇవి:

గెడ్డ అవతలి ఊరికి రండి. ఫోన్లో ఇచ్చిన మాట అది. కొత్త అనుమతి, కొత్త నిధి అనకండి.

ఇకముందు పోలిక కోసం ఏ ఊరిని ఆపినా, దాని వంతు ఎప్పుడొస్తుందో మొదటి ప్రశ్న అడగకముందే ఆ ఊరి గ్రామసభలో చెప్పండి. రాకపోతే ఎవర్ని నిలదీయాలో కూడా చెప్పండి.

ఆపిన ఊళ్ళలో కావాలంటే వ్యాయామం ఆపండి, పాఠాలు ఆపండి. నోరు చూడటం ఆపకండి.

పోస్టరు మీద మీసాలాయన్ని తీసేసి, అడ్డచుట్ట కాల్చే ముసలామె బొమ్మ వేయండి.

అడగకుండా ఎవరి ఫొటో తీయకండి. ఫొటో వద్దన్నవాళ్ళ నోరు కూడా చూడండి.

మచ్చ దొరికితే చీటీ చేతిలో పెట్టి పంపకండి. ఆస్పత్రి దాకా తోడు వెళ్ళండి.

మీరు, ఇది చదువుతున్నవారు, ఈ ఆదివారం ఎండ వచ్చాక మీ ఇంట్లో ముసలావిడ నోరు తెరిపించి చూడండి. ఏం చూడాలో పైన రాశాను.

చివరిది: బేగి రండి. పిన్ని తన ఊరి అరుగు మీద, అక్క చుట్ట చెవి మీద పెట్టుకుని, సూర్యుడి వైపు తిరిగి కూర్చుంది. పక్కన ఆ ఊరి ముసలమ్మలు వరసగా కూర్చున్నారు. చూసేవాళ్ళు రావాలి.